ఉబ్బసమును భయమును

ఉబ్బసరోగిని గూర్చి మన ఇండ్లలో రెండు మాటలు తరచుగా వినబడును. "అదంతయు దిగులువలన వచ్చినది" అనునది ఒకటి. "దిగులు మాని ధైర్యముగా నుండుము" అనునది రెండవది. ఈ రెంటివలన రోగికి ఒరిగినది లేదు.

మొదటి మాటకు పూర్వపు వైద్యులును కొంత బాధ్యులు. 1941లో చికాగో నగరపు మనోవిశ్లేషకులు ఫ్రెంచి, అలెగ్జాండరు అనువారు ఉబ్బసపు కూతను, తల్లికై అణచుకొన్న ఏడుపుగా వ్యాఖ్యానించిరి. నేడు తెలిసినది వేరు. శ్వాసనాళముల లోపలి పొర వాచి, చుట్టునున్న కండరములు బిగిసి, చిక్కని కఫము పేరుకొని, గాలి నడచు దారి ఇరుకగును. ఇది శరీరమున జరుగు పని. అయినను మనస్సునకు ఇందు పాత్ర లేదనరాదు.

పెద్ద మోతాదులో పీల్పుమందును, దానికి తోడు మరియొక మందును సరిగా వాడుచున్నను అదుపునకు రాని ఉబ్బసమును తీవ్రమైన దందురు. అట్టివారికి నడిరేయి లేచి కూర్చుండుట క్రొత్త గాదు. ఊపిరాడనపుడు భయము కలుగును. భయపడినవాడు లోపలి గాలి వెడలకమునుపే గబగబ మరల పీల్చును. రొమ్ము బిగిసి ఆయాసము హెచ్చును. దానితో భయమును హెచ్చును.

చిక్కేమనగా, భయమొక్కటియే అతిగా ఊపిరి తీయించి ఆయాసమును కలిగింపగలదు. అప్పుడు పెదవులచుట్టును వ్రేళ్లకొనలయందును తిమ్మిరి పుట్టి తల తేలికయైనట్లుండును. ఏది భయమో ఏది ఉబ్బసమో ఆ వేళ రోగి నిర్ణయింపజాలడు. కావున కొలత కావలెను. ఊదిన గాలి వేగమును తెలుపు పీక్ ఫ్లో మీటరు ఇందుకే యున్నది. ఆరోగ్యముగా నున్న దినములలో వచ్చిన మిక్కిలి పెద్ద సంఖ్యను వ్రాసి యుంచుకొనవలెను. అది 400 అనుకొందము. ఆయాసము తోచినపుడు 380 వచ్చినచో భుజములు సడలించి, నెమ్మదిగా ఊపిరి విడుచుచు కూర్చుండి, కొంతసేపటికి మరల ఊదిచూడవచ్చును. 200కు దిగినచో అది భ్రమ కాదు. సందేహము కలిగినపుడు ఉబ్బసమే యని యెంచుట క్షేమము.

2014లో బ్రిటనులో ఉబ్బసమువలన మరణించిన 195 మందిని గూర్చిన విచారణ ప్రకటితమైనది. అందు నూటికి 45 మంది వైద్యసహాయము కోరకయో, అది అందకమునుపో చనిపోయిరి. ఎప్పుడేమి చేయవలెనో వ్రాసియిచ్చిన చీటి నూటికి 23 మందికే యుండెను. "ఇదివరకును ఇట్లే తగ్గినదికదా" యను అలవాటు, భయముకంటె చెడ్డదని నా యభిప్రాయము.

ఆరోగ్యప్రసంగము ప్రసారమైన వారమున శ్రోతలు వ్రాయు ఉత్తరములలో ఒక ప్రశ్న తప్పక యుండును: "పీల్పుమందు మొదలిడిన ఇక విడువదట, నిజమేనా?" విడువనిది వ్యాధి, మందు కాదు. పెండ్లి సంబంధము తప్పిపోవునేమో యని దానిని కొంగుచాటున దాచు ఆడపిల్లలున్నారు. వాపును తగ్గించు మందును మాని, తక్షణోపశమనము నిచ్చు మందునే పదే పదే పీల్చువారును కలరు. ఇది మిక్కిలి ప్రమాదము. మృగశిరకార్తెకు హైదరాబాదులో చేపమందుకై బారులు తీరువారిని నేను పరిహసింపను. ఏండ్ల తరబడి ఊపిరికై పెనగులాడినవారి ఆశ అది. కాని ఆ చేపను మ్రింగి, పీల్పుమందును పారవేసి ఇంటికి పోరాదు.

ప్రెడ్నిసొలోను మాత్రలు వాడు దినములలో నిద్రపట్టమి, చిరాకు, అకారణముగా ఏడుపు కలుగవచ్చును. ఇంటివారు దానిని కోడలి గుణముగానో ముసలివాని చాదస్తముగానో యెంచక వైద్యునికి తెలుపవలెను. మాత్రలను తమంత తాము ఆపరాదు. దిగులు వారములకొలది విడువనిచో దానికిని వేరుగ చికిత్స కలదు. అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు.

వైద్యుడు వ్రాసియిచ్చిన చీటి ఇంటిల్లిపాదికి కనబడునట్లు గోడకు అంటించియుండవలెను. రోగి ఒక్క వాక్యమైన ఊపిరి తిప్పుకొనక పలుకలేకున్నను, పెదవులు నీలివర్ణమునకు తిరిగినను, కూత తగ్గి మగతకు లోనైనను, ధైర్యవచనములు పలుకుచు కూర్చుండక, చీటిలోని ప్రకారము ఉపశమనపు మందును పీల్పించుచు వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.