పానపాత్రలో సముద్రం

ప్రాచీన గ్రీసులో సముద్రగాథలు కావ్యాల్లో ఎంతగా వినిపించాయో, కుమ్మరి సారె మీద రూపుదిద్దుకున్న పాత్రల మీద అంతగా కనిపించాయి. ఒడిస్యూస్ నౌకాయానం, సముద్రదేవత థెటిస్ వివాహం, వీరుడు హెరాక్లీస్‌తో పెనుగులాడిన మత్స్యపురుషుడు ట్రైటన్ వంటి ఇతివృత్తాలను ఏథెన్స్ చిత్రకారులు తరతరాలుగా మళ్లీ మళ్లీ చేపట్టారు. అయితే సముద్రాన్ని ఇంతగా తలచిన ఈ కళాకారులు నీటిని చిత్రించడంలో మాత్రం ఎంతో పొదుపు పాటించారు. నాలుగు డాల్ఫిన్లనో, ఓడ కింద అలల గీతనో వేసి, మిగిలినదంతా పాత్ర ఆకృతికి, మట్టి రంగుకు, అందులో పోసే ద్రాక్షాసవానికి వదిలిపెట్టారు. ఈ కళ గొప్పతనంలో సగభాగం ఆ వదిలిపెట్టడంలోనే ఉంది.

ద్రాక్షాసవాన్ని నీళ్లు కలపకుండా తాగడం గ్రీకుల దృష్టిలో అనాగరికం కనుక, సింపోజియం అనే విందుగోష్ఠుల్లో దానిని ముందుగా ఒక పెద్ద పాత్రలో నీటితో కలిపి అతిథులకు పంచేవారు. అలాంటి పాత్రల్లో డైనోస్ అనేది గుండ్రని అడుగు గల గంగాళం వంటిది, దానిని విడిగా ఒక పీఠం మీద నిలిపేవారు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో కొందరు చిత్రకారులు దీని లోపలి అంచు చుట్టూ ఓడలను వరుసగా చిత్రించారు. పాత్ర నిండినప్పుడు ద్రవం ఆ ఓడల అడుగును తాకి, అవి నిజంగానే తేలుతున్నట్టు కనిపించేది. ఎక్సేకియాస్ సంతకం ఉన్న అటువంటి డైనోస్ ఒకటి రోమ్‌లోని విల్లా జూలియా మ్యూజియంలో ఉంది.

ఏథెన్స్‌కు చెందిన ఈ ఎక్సేకియాస్ సారె తిప్పడంలోనూ, కుంచె పట్టడంలోనూ సమర్థుడు. క్రీ.పూ. 530 ప్రాంతంలో అతడు చేసిన పానపాత్ర ఇటలీలోని వుల్చిలో దొరికి, ఇప్పుడు జర్మనీలోని మ్యూనిక్‌లో ఉంది. వెడల్పయిన, లోతు తక్కువైన, రెండు పిడులున్న ఇటువంటి గిన్నెను కైలిక్స్ అంటారు. దీని లోపలి భాగమంతా పగడపు ఎరుపు రంగు పూత. నడుమ తెల్లని తెరచాప ఎత్తిన ఓడ, అందులో తీరిగ్గా ఒరిగి ఉన్న ద్రాక్షాసవ దేవుడు డయోనైసస్, తెరచాప కొయ్యను అల్లుకుని పైకెగసిన ద్రాక్షతీగ, ఆ తీగకు 7 గుత్తులు, ఓడ చుట్టూ 7 డాల్ఫిన్లు. దేవుడని తెలియక డయోనైసస్‌ను అపహరించిన సముద్రపు దొంగలు, ఓడ నిండా తీగ అల్లుకోవడం చూసి భయంతో నీళ్లలోకి దూకి డాల్ఫిన్లుగా మారిపోయారన్న గాథకు ఇది చిత్రరూపం. ఎక్సేకియాస్ ఆ కలకలాన్ని పక్కన పెట్టి, అంతా ముగిసిన తరువాతి ప్రశాంతతను మాత్రమే ఎంచుకున్నాడు. ఇక్కడ అల గీత ఒక్కటి కూడా లేదు, కిందా మీదా అన్న భేదమూ లేదు; తాగేవాడు గిన్నెను ఖాళీ చేస్తున్నకొద్దీ ఎర్రని ద్రవం నుంచి ఓడా డాల్ఫిన్లూ బయటపడుతూ వచ్చేవి. గిన్నె వెలుపల పెద్ద కళ్ల జత ఉంటుంది కనుక, దానిని పైకెత్తి తాగేవాడి ముఖం ఎదుటివారికి ముసుగు వేసుకున్నట్టు తోచేది. గ్రీకుల ఓడల ముందుభాగాన కూడా కళ్లను చిత్రించేవారన్నది గుర్తుంచుకుంటే, ఈ అలంకారం మరింత అర్థవంతమవుతుంది.

ఏథెన్స్ పాత్రల మీద నిగనిగలాడే నలుపు, రంగు వేయడం వల్ల వచ్చినది కాదు. ఏథెన్స్ పరిసరాల బంకమట్టిలో ఇనుము ఎక్కువ. ఆ మట్టినే నీటిలో కలిపి, బరువైన రేణువులు అడుగుకు చేరాక మిగిలిన అతి సన్నని తేటను చిక్కబరచి, దానితోనే పాత్ర మీద బొమ్మలు వేసేవారు. వేసినప్పుడు బొమ్మకూ పాత్రకూ రంగులో పెద్ద తేడా ఉండదు; ఆ తేడాను తెచ్చేది ఆవంలోని నిప్పే. మొదట గాలి బాగా ఆడనిచ్చి దాదాపు 800 డిగ్రీల వరకు కాల్చినప్పుడు ఇనుము వల్ల అంతా ఎర్రబడుతుంది. తరువాత గాలిదారులు మూసి, పచ్చికట్టెలు వేసి, వేడిని 900 డిగ్రీలు దాటించినప్పుడు, ఆక్సిజన్ కొరవడి పాత్రంతా నల్లబడుతుంది. అదే సమయంలో సన్నని పూత మాత్రం కరిగి గాజు పొరలా బిగుసుకుంటుంది. చివరగా మళ్లీ గాలిని వదిలితే, రంధ్రాలున్న పాత్ర దేహం తిరిగి ఎర్రబడుతుంది, బిగుసుకున్న పూతలోకి గాలి చొరబడలేక అది నల్లగానే నిలుస్తుంది. మూడు దశలూ ఒకే కాల్పులో జరగాలి కనుక, ఎక్కడ గాలి ఎక్కువైనా, వేడి తగ్గినా నలుపు మధ్య ఎర్రని మచ్చలు పడతాయి. అటువంటి మచ్చలున్న పాత్రలు మ్యూజియాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

క్రీ.పూ. 520 ప్రాంతంలో నేపథ్యాన్ని నల్లగా నింపి, బొమ్మలను మట్టి రంగులో వదిలే పద్ధతి వచ్చాక, ఆ నలుపే సముద్రగర్భమయింది. కుమ్మరిగా యూఫ్రోనియోస్ సంతకం చేయగా ఓనెసిమోస్ చిత్రించిన కైలిక్స్ ఒకటి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. సముద్రదేవుడు పొసైడన్ కుమారుడినని నిరూపించుకునేందుకు నీటిలోకి దూకిన యువకుడు థీసియస్, అడుగున సముద్రరాణి ఆంఫిట్రైట్ ఎదుట నిలబడిన ఘట్టం అది. చిన్నారి ట్రైటన్ తన అరచేతులతో థీసియస్ పాదాలను మోస్తుంటాడు. ఆ చేతుల ఆసరాను, చుట్టూ ఈదే డాల్ఫిన్లను బట్టే ఇది నేల కాదని తెలుస్తుంది.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న సైరెన్ల పాత్ర, క్రీ.పూ. 480–470 నాటిది, వేరొక ధోరణికి చెందినది. పాటతో నావికులను మృత్యువు వైపు లాగే సైరెన్లు గ్రీకుల ఊహలో స్త్రీ తల, పక్షి దేహం గలవారు. చేపతోక రూపం చాలా తరువాతి కల్పన. ఒడిస్యూస్ కథ చెప్పిన కవి హోమర్ ఇద్దరినే పేర్కొనగా ఈ చిత్రకారుడు ముగ్గురిని చూపాడు. తెరచాప కొయ్యకు కట్టివేయబడిన ఒడిస్యూస్ తల వెనక్కు వాల్చి పాట వింటుండగా, మూడో సైరెన్ కళ్లు మూసుకుని కొండమీంచి తలకిందులుగా పడిపోతుంటుంది. హోమర్ కావ్యంలో లేని ఈ పతనాన్ని చేర్చడం వల్ల, వినీ బతికి బయటపడిన మనిషికీ ఓడిపోయిన గాయనికీ ఒకే చిత్రంలో చోటు దొరికింది.

క్రీ.పూ. 4వ శతాబ్దానికి దక్షిణ ఇటలీలోని గ్రీకు స్థావరాల్లో పురాణంతో పని లేని చేపల పళ్లేలు విరివిగా తయారయ్యాయి. వీటి నడుమ ఉండే చిన్న గుంట పులుసు వంటి ద్రవానికి ఉద్దేశించినదని భావిస్తారు. దాని చుట్టూ చేపలు, ఆక్టోపస్, రొయ్యలు ఉంటాయి. ఏథెన్స్ పళ్లేల్లో చేపల పొట్టలు అంచు వైపు తిరిగి ఉంటే, ఇటలీ పళ్లేల్లో గుంట వైపు తిరిగి ఉంటాయి. ఊరూ పేరూ చెప్పని పళ్లెం ఏ ప్రాంతపు కుమ్మరిదో తేల్చడానికి పరిశోధకులు తరచుగా ఈ ఒక్క గుర్తునే ఆశ్రయిస్తారు.