తెరాయిలో తరిగిపోతున్న గిజిగాడు

గిజిగాడు అనగానే మనకు గుర్తొచ్చేది తాటాకు చివరనో, బావి మీదికి వంగిన తుమ్మ కొమ్మకో ఊగే గూడు. ఆ పక్షికి ఉత్తరాదిన దగ్గరి బంధువు ఒకటుంది. పేరు ఫిన్స్ వీవర్. హిమాలయాల దిగువన పరుచుకున్న తెరాయి చిత్తడి గడ్డినేలలు దాని ముఖ్య ఆవాసం. సంతానోత్పత్తి కాలంలో మగపక్షి తల నుంచి పొట్ట వరకూ పచ్చని పసుపు పూసుకున్నట్టు ఉంటుంది.

నైనిటాల్ దగ్గరి కాలాఢుంగీలో దొరికిన పక్షి ఆధారంగా 1869లో ఏ.ఓ. హ్యూమ్ దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. కాంగ్రెస్ స్థాపనలో పాలుపంచుకున్న హ్యూమ్ ఈయనే. తర్వాత కలకత్తా పరిసరాల్లో దీన్ని మళ్లీ గుర్తించిన ఫ్రాంక్ ఫిన్ పేరు పక్షికి స్థిరపడింది. కుమావూ తెరాయిలో సలీం అలీ, జాన్ క్రూక్ దీన్ని తిరిగి కనుగొన్న సంగతి ప్రచురితమయ్యేసరికి 1959 వచ్చింది.

అప్పటికే తెరాయి మారిపోతోంది. ఒకప్పుడు మలేరియా భయంతో జనం అక్కడ స్థిరపడేవారు కాదు. స్వాతంత్ర్యం తర్వాత డీడీటీతో దోమలను అదుపు చేశారు, దేశ విభజనలో ఇళ్లు కోల్పోయిన కుటుంబాలకు భూములిచ్చారు. వాళ్లకు అది బతుకుదెరువు, తప్పు పట్టలేం. కానీ రెల్లు, జమ్ము పెరిగిన నేలలు వరి, చెరకు పొలాలయ్యాయి.

ఊళ్లు వచ్చాయి, వాటి వెంట కాకులూ వచ్చాయి. ఈ పక్షికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన గిజిగాడి గూడు కొమ్మ చివర వేలాడుతుంది, దానికి పొడవైన గొట్టం లాంటి ద్వారం ఉంటుంది. ఫిన్స్ వీవర్ మాత్రం బూరుగు లాంటి ఎత్తైన చెట్ల నడినెత్తిన, చుట్టూ ఆకులు దూసేసి మరీ గుంపుగా గూళ్లు కడుతుంది. ఆకుల మరుగు లేని గూళ్లు కాకి కంట పడటం ఎంతసేపు? గుడ్లు పోతే మళ్లీ పెట్టవచ్చు గానీ, సంతానోత్పత్తి కాలం కొన్ని నెలలే. గుంపు చిన్నదైతే కాకిని తరిమే పక్షులూ తక్కువే. కాబట్టి పడిపోవడం మొదలైన కాలనీకి కోలుకోవడం మరింత కష్టం.

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు గత దశాబ్దంలో జరిపిన సర్వేల్లో ఉత్తరాఖండ్, ఉత్తరప్రదేశ్ తెరాయిలో తేలిన సంఖ్య 500 లోపే. 2021లో ఐయూసీఎన్ ఈ జాతిని అంతరించే ప్రమాదం ఉన్న వర్గంలోకి మార్చింది.

ఇంత తగ్గినా చాలాకాలం ఎవరి దృష్టికీ రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. గూళ్ల కాలం దాటాక మగపక్షి పసుపు వన్నె కోల్పోతుంది. అప్పుడు మామూలు గిజిగాళ్లలో కలిసిపోతే, అనుభవజ్ఞులైనా తటపటాయించాల్సిందే. అందుకే నమ్మదగిన లెక్క కావాలంటే ఎండా, వానా నెలల్లో కాలనీ ఉన్న ప్రతి చెట్టు దగ్గరికీ వెళ్లి గూళ్లను, పక్షులను చూసి లెక్కపెట్టాలి.