సీ డ్రైవ్ సరే.. ఏ, బీ ఏమయ్యాయి? పీసీ వెనక ఒక ఒప్పందం కథ

విండోస్ కంప్యూటర్ ఆన్ చేస్తే ముందు కనిపించేది సీ డ్రైవ్. మరి ఏ, బీ ఎక్కడ? ఆ రెండూ ఫ్లాపీ డిస్కులవి. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలో హార్డ్ డిస్క్ లేదు. 1983లో ఎక్స్‌టీ మోడల్‌తో అది వచ్చేసరికి దానికి మూడో అక్షరం దక్కింది. ఫ్లాపీలు పోయాయి, అక్షరం మాత్రం అలాగే ఉండిపోయింది.

అసలు చిన్న కంప్యూటర్లకు ఈ పద్ధతి తెచ్చింది మైక్రోసాఫ్ట్ కాదు. అమెరికాకు చెందిన గ్యారీ కిల్డాల్ 1974లో రాసిన సీపీ/ఎం అది. హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే భాగాన్ని ఆయన విడదీసి బయోస్ అన్నారు. కొత్త మెషీన్ వస్తే ఆ చిన్న భాగం మారిస్తే చాలు, మిగతాదంతా నడుస్తుంది. అందుకే ఎన్నో కంపెనీల కంప్యూటర్లు దాన్నే వాడాయి.

1980లో ఐబీఎం కూడా కిల్డాల్ కంపెనీ తలుపు తట్టింది. కానీ బేరం కుదరలేదు. ఎందుకన్నదానిపై ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు.

ఆ అవకాశం మైక్రోసాఫ్ట్‌కు వచ్చింది. దాని దగ్గర అప్పుడు సరిపడే సిస్టమ్ లేదు. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్‌లో టిమ్ ప్యాటర్సన్ అనే ఇంజినీరు, సీపీ/ఎం కొత్త వెర్షన్ ఆలస్యమవుతోందని, దాని తరహాలోనే ఒకటి రాసుకున్నారు. పేరు క్యూడాస్, అంటే హడావిడిగా చేసిన సిస్టమ్ అని. మైక్రోసాఫ్ట్ ముందు లైసెన్స్ తీసుకుని, 1981 జులైలో 50 వేల డాలర్లిచ్చి హక్కులు కొనేసింది. అదే ఎంఎస్-డాస్ అయింది.

అసలు కిటుకు కాగితంలో ఉంది. ఐబీఎంకు సాఫ్ట్‌వేర్ ఇచ్చినా, వేరేవాళ్లకు అమ్ముకునే హక్కు మైక్రోసాఫ్ట్ తన దగ్గరే ఉంచుకుంది. తర్వాత కాంపాక్ లాంటి కంపెనీలు ఐబీఎం పీసీకి నకళ్లు తయారు చేస్తే, వాటిలోనూ డాసే నడిచింది. మెషీన్ ఎవరు అమ్మినా డబ్బు మైక్రోసాఫ్ట్‌కే.

డాస్ తన సిస్టమ్‌ను పోలి ఉందని కిల్డాల్ అభ్యంతరం చెప్పారు. దాంతో ఐబీఎం రెండూ అమ్మకానికి పెట్టింది. డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం 240 డాలర్లు. జనం ఏది కొన్నారో వేరే చెప్పక్కర్లేదు.

కిల్డాల్ 1994లో 52 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన తెచ్చిన డ్రైవ్ అక్షరాలు మాత్రం ఈరోజుకీ మన స్క్రీన్ మీదే ఉన్నాయి.