పన్నెండో బెడ్ అటెండెంట్ ఎవరండీ?

ఆస్పత్రిలో అడుగుపెట్టగానే మన పేర్లు పోతాయి. అమ్మ 'పన్నెండో బెడ్' అయింది. నేను 'పన్నెండో బెడ్ అటెండెంట్'. మెడలో ఒక ట్యాగు, చేతిలో ఒక ఫైలు, కింద ఫార్మసీకీ పైన వార్డుకీ మధ్య పరుగులు. అటెండెంట్ అంటే మందులు తేవాలి, బిల్లు కట్టాలి, చూపించిన చోట సంతకం పెట్టాలి. అందరూ అనుకునేది ఇంతే. గుండె ఆపరేషన్‌కి ముందు అమ్మ పక్కన ఎనిమిది రోజులున్నాను. ఆ ఎనిమిది రోజుల్లో నేను చేసిన వాటిల్లో నిజంగా పనికొచ్చినవి ఈ మూడూ కావు. అందుకే ఇది రాస్తున్నాను.

అమ్మకి 64 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడెప్పుడో గొంతునొప్పి, ఆ తర్వాత జ్వరం, కీళ్లవాపులు వచ్చాయట. దాన్ని కీళ్లవాత జ్వరం అంటారు. కీళ్లు బాగవుతాయి కానీ గుండె కవాటాలకి చేసిన చెరుపు అలాగే ఉండిపోతుంది. ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అమ్మ విషయంలో ఇంకా ఆలస్యమైంది. పెరట్లోంచి వంటింట్లోకి రావడానికి రెండుసార్లు ఆగడం, రాత్రిళ్లు పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం... అడిగితే "గ్యాసే, ఏం లేదు" అనేది. మన ఇళ్లలో ఆడవాళ్ల జబ్బులన్నిటికీ గ్యాసే పేరు! చివరికి ఎకో తీస్తే మైట్రల్ కవాటం సన్నబడింది, పైగా లీకవుతోంది కూడా అని తేలింది. లీకు బాగా ఉంటే బెలూన్‌తో వెడల్పు చేసే పద్ధతి పనికిరాదు. ఛాతీ తెరిచి కవాటం మార్చాల్సిందే అన్నారు.

సోమవారం చేరాం. శుక్రవారం ఆపరేషన్ అనుకున్నారు.

చేరిన రోజే డ్యూటీ డాక్టరమ్మాయి వచ్చి హిస్టరీ రాసుకుంది. మంచి పిల్ల. ఓపిగ్గానే అడిగింది. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అంటే, "ఏం లేవమ్మా, మీ గుండె డాక్టరు రాసినవే" అంది మా అమ్మ. అబద్ధం చెప్పలేదు పాపం. ఆవిడ లెక్కలో మందులంటే డాక్టరు చీటీ మీద రాసిచ్చినవి. మెడికల్ షాపులో "మోకాళ్ల నొప్పులకి ఇవ్వు నాయనా" అని తెచ్చుకునేవి మందులు కావు, పక్కింటివాళ్లు ఇచ్చిన కషాయం చూర్ణం అసలే కాదు.

అమ్మ దగ్గర పాత బిస్కెట్ల రేకు డబ్బా ఒకటుంది. ఊరు కదిలితే అది కూడా కదులుతుంది. ఆ డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించాను. బీపీ మాత్ర, నీరు పోవడానికి వాడేది, ఇవి సరే. వాటితో పాటు మూడు రకాల నొప్పి బిళ్లలు, సగం వాడిన స్ట్రిప్పులు, వేలితో నొక్కి మూత వేసిన కషాయం సీసా! "ఇవి రోజూ వేసుకుంటావా?" అంటే, "రోజూ ఎక్కడే, నొప్పున్న రోజే" అంది. నొప్పి లేని రోజు ఏదో చెప్పమంటే నాన్న నవ్వాడు.

స్ట్రిప్పులన్నీ ఫోటో తీసి, పేరు, మోతాదు, ఎన్నాళ్ల నుంచి వాడుతోందో కాగితం మీద రాసి సాయంత్రం రౌండ్స్‌లో ఇచ్చాను. నొప్పి బిళ్లలు కిడ్నీల మీద పనిచేస్తాయి. నీరు పోయే మాత్ర వాడేవాళ్లకి ఇంకా ఎక్కువ. దానికితోడు మర్నాడు యాంజియోగ్రామ్ ఉంది, అందులో ఎక్కించే డై కూడా కిడ్నీలకి బరువే. డాక్టర్లు డై వీలైనంత తగ్గించి వాడారు, నొప్పి బిళ్లలు పూర్తిగా ఆపేశారు. అయినా బుధవారం క్రియాటినిన్ పెరిగింది. శుక్రవారం ఆపరేషన్ వద్దు, దిగేదాకా ఆగుదాం అన్నారు. బంధువుల్లో కొందరికి ఇది నచ్చలేదు. "ముహూర్తం పెట్టుకున్నాక వాయిదా ఏంటి, గది అద్దె పెరుగుతోంది" అని. గుండెని ఆపి, గుండె చేసే పనిని యంత్రానికి అప్పగించే ఆపరేషన్ ఇది. కిడ్నీలు అలిసిపోయి ఉన్నప్పుడు దానికి వెళ్లడం ఎంత ప్రమాదమో సర్జన్‌కి తెలుసు. గది అద్దె సంగతి ఆయనకి తెలియకపోయినా ఫర్వాలేదు.

ఆగిన ఆ నాలుగు రోజుల్లో ఇంకోటి బయటపడింది. కుడివైపు పన్ను నెలరోజులుగా సలుపుతోందట, అమ్మ ఎడమవైపు నములుతోంది. నేను పెరుగన్నం కలిపి పెడుతుంటే కనిపెట్టాను. మామూలప్పుడైతే పన్నునొప్పి పన్నునొప్పే. కవాటం మార్చేవాళ్లకి అలా కాదు. పంటిలోని చీము నుంచి క్రిములు రక్తంలోకి వెళ్లి కొత్త కవాటం మీద కూర్చుంటే ప్రాణానికే ముప్పు. అందుకే కవాటం ఆపరేషన్‌కి ముందు నోరు చూపించుకోమంటారు. చెప్పగానే దంతాల డాక్టర్ని పిలిపించారు, యాంటీబయాటిక్ ఇచ్చి ఆ పన్ను తీసేశారు. "గుండెకని వస్తే పన్ను పీకారు" అని అమ్మ ఫోన్లో అందరికీ చెప్పుకుంది.

ఇక కవాటం సంగతి. నన్ను ఎక్కువ కష్టపెట్టింది ఇదే.

రౌండ్స్‌కి వచ్చినప్పుడు డాక్టర్లు ఎవరితో మాట్లాడతారో గమనించారా? మా దగ్గర నాన్నతో మాట్లాడేవారు. నాన్నకి వినిపించేది సగం, అర్థమయ్యేది పావు. అయినా అన్నిటికీ తలూపేవాడు. లేకపోతే డాలస్‌లో ఉన్న అన్నయ్యతో వీడియో కాల్‌లో ఇంగ్లీషులో మాట్లాడేవారు. అన్నయ్య అక్కడ నిద్ర మానుకుని కూర్చునేవాడు, వాడి ప్రేమకి వంక పెట్టను. "మెటల్ వాల్వ్ వేయించండి, జీవితాంతం ఉంటుందట" అన్నాడు. నాన్న సరేనన్నాడు. కన్సెంట్ ఫారం వచ్చింది. వీళ్లంతా మాట్లాడుకుంటున్నది తన గుండె గురించే అయినా, పన్నెండో బెడ్ మీద అమ్మ ఫ్యాను వైపు చూస్తూ పడుకుంది.

ఈ దేశంలో దీని మీద సుప్రీంకోర్టు తీర్పే ఉంది. 2008లో, సమీరా కోహ్లీ కేసు. 44 ఏళ్ల మహిళ మత్తులో ఉండగా ఆమె తల్లి చేత సంతకం పెట్టించుకుని పెద్ద ఆపరేషన్ చేశారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు. స్పృహలోకి వచ్చాక ఆమెనే అడగాల్సింది, తల్లి సంతకం చెల్లదు అంది కోర్టు. చేసే వైద్యం ఏమిటి, వేరే దారులున్నాయా, ప్రమాదాలేంటి అనేవి రోగికి అర్థమయ్యేలా చెప్పాకే ఒప్పుకోలు తీసుకోవాలని కూడా చెప్పింది. నేను తీర్పు పట్టుకుని ఎవరితోనూ పోట్లాడలేదు లెండి. ఫారం తెచ్చిన సిస్టర్‌తో, "సర్జన్ గారు ఒక్క పది నిమిషాలు అమ్మతో తెలుగులో మాట్లాడితే, అమ్మే సంతకం పెడుతుంది" అన్నాను. అంతే. సాయంత్రం ఆయన వచ్చారు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. నిలబడి చెప్పే డాక్టరుకీ కూర్చుని చెప్పే డాక్టరుకీ ఎంత తేడానో!

లోహపు కవాటం చాలా ఏళ్లు వస్తుంది. మన దేశంలోనే, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో తయారుచేసిన చిత్ర వాల్వ్‌ని 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. అప్పట్నుంచి ఎంతోమంది పేదవాళ్లకి అదే ఆధారమైంది. అయితే లోహం మీద రక్తం గడ్డకడుతుంది. గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర, జీవితాంతం. ఆ మాత్ర ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే పక్షవాతం. అందుకని ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష మొదట్లో తరచుగా, కుదురుకున్నాక కూడా నెలకోసారైనా చేయించుకుంటూ ఉండాలి. రెండోది జంతు కణజాలంతో చేసే కవాటం. దానికి ఆ మాత్ర మామూలుగా మొదటి కొన్ని నెలలే. కానీ పది పదిహేనేళ్లకి అరిగిపోతుంది, అప్పుడు మళ్లీ మార్చాల్సి రావచ్చు. చిన్న వయసువాళ్లకి మొదటిది, 65 దాటినవాళ్లకి రెండోది ఎక్కువగా చెబుతారు. అమ్మ సరిగ్గా గట్టు మీదుంది.

అంతా విని అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "ఆ మాత్ర వేసుకుంటే గోంగూర తినొచ్చా బాబూ?"

వెనక నిలబడ్డ చిన్న డాక్టర్లు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. "మంచి ప్రశ్న అడిగారమ్మా. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. మానక్కర్లేదు. కానీ ఒక వారం గంపెడు, ఒక వారం నిల్ అంటే కుదరదు. రోజూ ఒక లెక్కలో తినాలి" అన్నారు.

రెండో ప్రశ్న: "నెలనెలా రక్తపరీక్షకి నన్ను తెనాలి ఎవరు తీసుకెళ్తారు? ఈయనకి కంటిచూపు ఆనదు. అబ్బాయి ఆ దేశంలో. ఇది ఉద్యోగం మానుకుని వస్తుందా?"

ఎవరం మాట్లాడలేదు. నెల నుంచీ ఫోన్ల మీద ఫోన్లు చేసుకున్న మాలో ఒక్కరికీ ఈ లెక్క తట్టలేదు. ఆవిడకి తట్టింది, ఎందుకంటే ఆ ఇంట్లో ఆ రోజులన్నీ బతకాల్సింది ఆవిడే.

నేను ఇంకొకటి అడిగాను. "ఆ రెండో కవాటం దేంతో చేస్తారో కూడా అమ్మకి చెప్పండి సార్." ఆయన నావైపొకసారి చూసి చెప్పారు. ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో కానీ, పంది కవాటంతో కానీ చేస్తారని, తాము ఆవుది వాడతామని. అమ్మ శుక్రవారం పూజలు చేసే మనిషి. ఈ మాట దాచి సంతకం తీసుకుంటే తర్వాత ఎప్పుడో ఎవరో చెబితే ఆవిడ ఏమైపోతుంది? అమ్మ కాసేపు కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "దాని పాలతోనే మిమ్మల్నందర్నీ పెంచాను. పదేళ్ల తర్వాత సంగతి అప్పుడు చూసుకుందాం. అదే వెయ్యండి" అంది. ఫారం తీసుకుని తెలుగులో, గుండ్రంగా, పూర్తి ఇంటిపేరుతో సంతకం పెట్టింది. అన్నయ్య ఫోన్లో కొంచెం గొణిగాడు. మర్నాటికి వాడూ సర్దుకున్నాడు.

చిన్న చిన్నవి చాలా ఉన్నాయి, అన్నీ రాయను. ఒక నోటుబుక్కు, అందులో రోజూ ఎవరు ఏం చెప్పారో టైముతో సహా. డాక్టర్లతో మాట్లాడే మనిషి ఇంటి తరఫున ఒక్కరే ఉండాలి, పదిమంది పది రకాలుగా అడిగితే వాళ్లకీ విసుగే. రక్తదాతల్ని తెచ్చుకోమన్నారు, మా ఊరి కుర్రాళ్లు నలుగురు తెల్లారేసరికి వచ్చి దిగారు. ఆరోగ్యశ్రీలోనో ఇన్సూరెన్స్‌లోనో చేయించుకునేవాళ్లు ఏ కవాటానికి అనుమతి ఇస్తారో ఆరోగ్యమిత్రనో డెస్కులో వాళ్లనో ముందే అడగండి. థియేటర్ గుమ్మంలో తెలిస్తే చేసేదేం లేదు. రికార్డుల కాపీలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది.

ముందు రాత్రి పెద్ద గొడవ పుస్తెల దగ్గర వచ్చింది. ఒంటిమీద లోహం ఉండకూడదు, కరెంటుతో రక్తనాళాలు మాడ్చే పరికరం వాడతారు, కాలే ప్రమాదం ఉంది. పైగా కోసేదే ఛాతీ మీద. సిస్టర్ చెప్పిందంతా సబబే. అమ్మ మాత్రం చెయ్యి మెడ మీంచి తియ్యలేదు. కవాటానికి అరక్షణంలో ఒప్పుకున్న మనిషి దీనికి కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను సిస్టర్‌ని పక్కకి పిలిచి అడిగాను. ఆవిడ మలయాళీ, కానీ ఇలాంటి అమ్మలు ఆవిడకి కొత్తేం కాదు. పసుపుతాడు మణికట్టుకి కట్టండి, థియేటర్ దాకా ఉండనిస్తాను, అక్కడ నేనే తీసి మీ నాన్నగారి చేతిలో పెడతాను అంది. నాన్న కట్టాడు. వణుకుతూ మూడు ముళ్లూ వేశాడు.

ఆ రాత్రే అమ్మకి ఇంకో విషయం చెప్పాను. మెలకువ వచ్చేసరికి నోట్లో గొట్టం ఉంటుంది, మాట రాదు, చేతులు మెత్తటి గుడ్డతో కట్టి ఉండొచ్చు, భయపడొద్దని. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. మెలకువ రాగానే గొంతు పోయిందనుకుని పెనుగులాడతారు. ఇద్దరం గుర్తులు పెట్టుకున్నాం. చెయ్యి ఒకసారి నొక్కితే నొప్పి, రెండుసార్లు నొక్కితే దాహం. ఆ గుర్తులు కాగితం మీద రాసి ఫైలు పైన అంటించాను. కళ్లజోడు పేరు రాసిన డబ్బాలో పెట్టి ఐసీయూకి ఇచ్చాను.

థియేటర్‌కి తీసుకెళ్లేటప్పుడు ఒకరి తర్వాత ఒకరు పేరడుగుతుంటే అమ్మకి విసుగొచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలే, వీళ్లకి మతిమరుపా?" అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన పంతొమ్మిది అంశాల చెక్‌లిస్టులో మొదటిదే అది, మత్తు ఇచ్చేముందు మనిషినీ ఆపరేషన్‌నీ మరోసారి రూఢి చేసుకోవడం. "అడగనీ అమ్మా, ఎన్నిసార్లు అడిగితే అంత మంచిది" అన్నాను. ఎనిమిది రోజుల తర్వాత ఆవిడని పన్నెండో బెడ్ అనకుండా పేరుపెట్టి పిలిచారు కదా!

ఐదున్నర గంటలు పట్టింది. మర్నాడు తెల్లవారుజామున ఐసీయూ సిస్టర్ బయటికొచ్చి, "మీ అమ్మగారు నా చెయ్యి రెండుసార్లు నొక్కుతున్నారు. కాగితం మీద రాసింది మీరేనా?" అంది. గొట్టం తీసేదాకా నీళ్లివ్వకూడదట. తడి దూదితో పెదాలు అద్దిందట.