మనింటికి ఎప్పుడెళ్దాం?

గృహప్రవేశం అయింది. పాలు పొంగాయి, చుట్టాలు భోంచేసి వెళ్లారు, వ్యాన్లో సామాను దిగింది. మూడో రోజు అర్ధరాత్రి మూడేళ్ల పిల్ల లేచి కూర్చుని "మనింటికి ఎప్పుడెళ్దాం?" అంటుంది. ఇదేనమ్మా మనిల్లు అని తల్లి ఎంత చెప్పినా వినదు. ఇరవయ్యేళ్లు వాయిదాలు కట్టాల్సిన ఇల్లు తల్లిదండ్రులకి. పిల్లకి మాత్రం చుట్టపుచూపుగా వచ్చిన ఇల్లు. వచ్చాం, చూశాం, ఇక పోదాం పదండి అంటుంది.

చిన్నపిల్లలున్న ఇళ్లలో ఇల్లు మారిన తొలి నెల దాదాపు ఇలాగే గడుస్తుంది. పెద్దవాళ్లు కర్టెన్ రాడ్లు, గ్యాస్ కనెక్షన్, ఇంటర్నెట్ వాడి చుట్టూ తిరుగుతుంటారు. పిల్లలు సరిగ్గా తినరు, ఊరికే చిరాకు పడతారు, నిద్రలో ఉలిక్కిపడి లేస్తారు. కొత్తింట్లో దిష్టి తగిలిందని అమ్మమ్మ ఎర్రనీళ్లు తిప్పి పోస్తుంది. తిప్పితే తప్పేం లేదు గానీ, కారణం వేరే ఉంది.

పెద్దలు ఇంటిని చదరపు అడుగుల్లో లెక్కేస్తారు. పిల్లలకి ఇల్లంటే రోజు నడిచే వరస. లేవగానే కిటికీలోంచి ఎదురింటి కుక్క కనబడాలి. పాలు తాగేది ఫలానా పీట మీద. చీకట్లో మంచం దిగినా బాత్‌రూమ్ ఎటో కాళ్లకే తెలుసు. ఇల్లు మారిన రోజున ఆ వరస మొత్తం ఒక్కసారే తెగిపోతుంది. 1967లో అమెరికాలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు పరిశోధకులు జీవితంలో వచ్చే మార్పులు మనిషిని ఎంత అలజడి పెడతాయో మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్లికి 50, ఇల్లు మారడానికి 20. అవి పెద్దల కోసం వేసిన మార్కులు. పెళ్లి చేసుకున్నవాడికి కనీసం ఎందుకు చేసుకున్నాడో తెలుసు. ఇల్లు మారిన పసివాడికి ఆ మాత్రం కూడా తెలియదు.

అందుకే కొందరు పిల్లలు ఒక మెట్టు కిందికి దిగినట్టు కనిపిస్తారు. మానేసిన వేలు మళ్లీ నోట్లో పెట్టుకుంటారు. చక్కగా నడిచే పిల్లాడు ఎత్తుకోమంటాడు. పక్క తడపడం మానేసి ఆర్నెల్లయిన పిల్ల మళ్లీ తడుపుతుంది. ఐదేళ్లలోపు పిల్లలు రాత్రిపూట పక్క తడపడాన్ని డాక్టర్లు జబ్బు కింద లెక్కెయ్యరు. ఇల్లు కుదురుకుంటున్న కొద్దీ చాలామందిలో ఇవి వాటంతటవే తగ్గుతాయి. "ఇంత పెద్దదానివయ్యావు, సిగ్గులేదూ" అని నలుగురి ముందూ అంటేనే లేనిపోని చిక్కు. వారాలు గడిచినా తగ్గకపోయినా, జ్వరమో మూత్రంలో మంటో ఉన్నా పిల్లల డాక్టరుకి చూపించాలి.

మన దగ్గర ఇల్లు మారే కాలాన్ని పంచాంగమూ బడీ కలిసి నిర్ణయిస్తాయి. ఆషాఢంలో గృహప్రవేశాలుండవు. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా దొరికిన ముహూర్తాల్లో, పరీక్షలయ్యాక వచ్చే వేసవివే బడి పిల్లలున్న వాళ్లకి అనువు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బళ్లు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. దాంతో మే నెల ఎండలో మారి, అట్టపెట్టెలు విప్పీ విప్పకుండానే యూనిఫాంల కోసం దుకాణాల వెంట పడతారు. కొత్త ఇల్లు, కొత్త బడి, కొత్త ఆటో అంకుల్ అన్నీ ఒకే పక్షంలో మీద పడితే నాలుగేళ్లవాడు ఏం చేస్తాడు? గేటు దగ్గర కూలబడి ఏడుస్తాడు. వీలున్నవాళ్లు ఇంటి మార్పుకీ బడి మార్పుకీ మధ్య కొన్ని వారాలు ఎడం ఉంచుకోవడం మంచిది.

ఈ విషయంలో మన పాత ఆనవాయితీ ఒకటి పనికొస్తుంది. గృహప్రవేశం చేసిన రాత్రి కొత్తింట్లో నిద్ర చెయ్యాలంటారు. చాలామంది ఆ రాత్రి చాపల మీదే పడుకుని, మర్నాడు పాతింటికి వెళ్లి, తీరిగ్గా సామాను తెచ్చుకుంటారు. శాస్త్రం సంగతి అలా ఉంచితే, పిల్లలకి ఇది మంచి రిహార్సల్. అందరూ ఒకే గదిలో వరసగా పడుకోవడం వాళ్లకి పండగ. ఖాళీ గదుల్లో అరిస్తే గొంతు తిరిగొస్తుంది, దాంతో ఓ గంట ఆట. తర్వాత సామానుతో వచ్చేసరికి ఇల్లు పూర్తి కొత్త కాదు.

అసలు పరీక్ష రాత్రిళ్లే. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి రోజుకి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పగటి నిద్ర కూడా ఇందులో కలిసే ఉంటుంది. ఇల్లు మారిన వారంలో దీనికి గండి పడుతుంది. పక్కింటి డ్రిల్లింగ్ చప్పుడు ఓ పక్క, మేల్కొని సర్దుకునే పెద్దల హడావుడి ఓ పక్క. ఇంటీరియర్ వాళ్లు మేఘాలూ జిరాఫీలూ వేసి, మెట్ల మంచం బిగించి 'కిడ్స్ రూమ్' తయారుచేసి ఉంటారు. లక్షల ఖర్చు. పిల్లాడు మాత్రం అమ్మానాన్నల మధ్యే పడుకుంటానంటాడు. పడుకోనివ్వండి. ఆ గది ఎక్కడికీ పోదు, పగలు ఆడుకుంటూ దానంతట అదే వాడిదవుతుంది.

పాతింట్లో కప్పుకున్న దుప్పటిని కొత్తింటికని ఉతికి ఇస్త్రీ చెయ్యకపోవడమే మేలు. దాని వాసన పిల్లలకి తెలుసు. నానమ్మ చీరతో కుట్టిన బొంతో, చెవి తెగిన కుందేలు బొమ్మో పట్టుకుంటే గానీ నిద్రపోని పిల్లలు చాలామంది. డొనాల్డ్ వినికాట్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు 1950ల్లోనే దీని మీద రాశాడు. తల్లి పక్కన లేనప్పుడు ఆ గుడ్డముక్కే పిల్లకి తోడు అన్నది ఆయన మాటల సారాంశం. కొత్త ఇంటికి పాత బొమ్మలెందుకని పాత సామాన్లవాడికి వేసేవాళ్లు ఆ ఒక్కటీ వదిలెయ్యాలి.

సామాను విప్పే వరస కూడా ఇక్కడి నుంచే మొదలవ్వాలి. మన ఇళ్లలో ముందు దేవుడి గది, తర్వాత వంటిల్లు, ఆపైన షోకేసు. పిల్లల పెట్టె అడుగున ఎక్కడో ఉంటుంది. దాని మీద స్కెచ్ పెన్‌తో పెద్దగా పేరు రాసి, వ్యాన్లో ఆఖరున ఎక్కించి, మొదట దించితే ఆ సాయంత్రమే తేడా తెలుస్తుంది. వాళ్ల కంచం, గ్లాసు, పీట, పక్కబట్టలు, నాలుగు బొమ్మలు అందులో ఉంటే చాలు. మొదటి రెండు రోజులూ ఆర్డరు పెట్టిన బిర్యానీతో పెద్దవాళ్లు నెట్టుకొచ్చినా, పిల్లకి మాత్రం ఆ వేళకి ఆ కంచంలో ఆ పప్పన్నం పడాలి.

ఇక ప్రమాదాలు. పాతింట్లో ఎక్కడేం ఉందో పిల్లకీ తెలుసు, తల్లికీ తెలుసు. కొత్తింట్లో ఇద్దరికీ తెలియదు. సామాను దిగకముందే ఎవరైనా ఒకరు మోకాళ్ల మీద కూర్చుని ఇల్లంతా ఓసారి తిరిగి రావాలి. ఆ ఎత్తునుంచి చూస్తే ఇల్లు వేరు. సోఫా వెయ్యబోయే గోడకి ప్లగ్గు పాయింటు సరిగ్గా వేలికి అందే చోట ఉంటుంది. బాత్‌రూమ్ తలుపుకి లోపలి గడియ పిల్లకి అందుతుంది. వెయ్యడం వస్తుంది, తియ్యడం రాదు. ఆ గడియ విప్పి పైకి బిగించడానికి వడ్రంగికి పదినిమిషాల పని. ఆ పని చేయించక, లోపల పిల్ల ఏడుస్తుంటే బయట తలుపు పగలగొట్టిన ఇళ్లు ఎన్నో.

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం బాల్కనీ పిట్టగోడ గానీ రెయిలింగ్ గానీ కనీసం మీటరు ఎత్తుండాలి. మూడేళ్ల పిల్లల సగటు ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. కొలతల ప్రకారం ఫరవాలేదనిపిస్తుంది. కానీ ఆ మూలే ప్లాస్టిక్ కుర్చీ, బోర్లించిన బకెట్టు, మనీప్లాంట్ కుండీ ఉంటాయి. వాటి మీద ఎక్కిన పిల్లకి పిట్టగోడ నడుము దగ్గరకొస్తుంది. సగం నిండిన బకెట్టూ ప్రమాదమే. ఏడాది పిల్లలు తల ముందుకు పడితే లేవలేరు, కాసిని నీళ్లే అయినా ప్రాణం మీదికి వస్తుంది. సొంత ఇళ్లలో సంపు మూత, అపార్టుమెంట్లలో గ్రిల్ తలుపుల లిఫ్టు మొదటి రోజే చూసుకోవాలి. 2025 తొలి నెలల్లో హైదరాబాద్‌లో లిఫ్టుల్లో ఇరుక్కుని చిన్నపిల్లలు చనిపోయారు. "పక్క ఫ్లోరే కదా, వాడే వెళ్తాడులే" అన్న మాట కొత్తింట్లో అసలు వద్దు.

అద్దె ఇల్లయితే గోడలు చూడాలి. మన దేశంలో ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకి 90 పాళ్లు మించకూడదన్న నియమం 2017 నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు కిటికీ చెక్కల మీద పెచ్చులూడుతుంటే, ఆ పెచ్చులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్నవాళ్లు ఓనరుతో మాట్లాడి గీకించి వేయించుకోవాలి. పిల్లలు ఇంట్లో ఉండగా మాత్రం గీకించకూడదు.

కాగితాల పని కొంత ఉంటుంది. టీకాల కార్డు చేతికందేలా ఉంచుకుంటే కొత్త ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రిలోనే మిగతావి వేయిస్తారు. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య వేసే తట్టు-రుబెల్లా రెండో డోసు ఈ మార్పుల హడావుడిలోనే తప్పిపోతుంటుంది. టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో ఎనిమిదో తరగతి దాకా ఏ ప్రభుత్వ, ఎయిడెడ్ బడీ చేర్చుకోనని అనకూడదు. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. 108కి ఫోన్ చేస్తే అడిగేది అడ్రసూ గుర్తుగా ఏదైనా చోటూ కాబట్టి, దగ్గర్లోని గుడి పేరో మెడికల్ షాపు పేరో ఇంట్లో పెద్దలందరికీ నోటికి రావాలి.

ఇరుగుపొరుగు పరిచయాల్లో పిల్లలు పెద్దలకంటే ముందుంటారు. సాయంత్రం ఐదింటికి సెల్లార్లో సైకిళ్లు తొక్కే గుంపులో వదిలితే, నాలుగు రోజుల్లో ఏ ఫ్లాటులో ఎవరున్నారో, ఎవరింట్లో కుక్క ఉందో వాళ్లే వచ్చి చెబుతారు. సత్యనారాయణ వ్రతం ప్రసాదం పంచడానికి పిల్లనీ వెంట తీసుకెళ్తే, "మీ పాప పేరేంటి?" అన్న ప్రశ్నతోనే సగం పరిచయం అయిపోతుంది. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో నెలరోజులున్నా అంత కలవరు.

పాత ఇంటికీ ఓ వీడ్కోలు అవసరం. ఖాళీ గదిలో పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీసి, వాచ్‌మన్ తాతకీ కింది ఫ్లోరు అక్కకీ టాటా చెప్పిస్తే, వెళ్లిపోతున్నామన్న సంగతి వాళ్ల బుర్రకెక్కుతుంది. నిద్రలో ఎత్తుకొచ్చి కొత్తింట్లో దించితే ఏడుపు తక్కువని కొందరు అనుకుంటారు. ఆ ఏడుపు మర్నాడు రెట్టింపవుతుంది.

అద్దెకుండేవాళ్లకి ఇదంతా ఒక్కసారితో అయ్యే పని కాదు. ఏడాది మించిన లీజుని రిజిస్టర్ చేయించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెప్పడంతో మన అగ్రిమెంట్లు చాలావరకు 11 నెలలవే. ఆపైన ఓనరు కూతురు అమెరికా నుంచి వస్తే మళ్లీ మూటాముల్లె. పిల్లలు గోడల మీద గీస్తారేమోనని ముందే అడిగే ఓనర్లూ ఉన్నారు, వెళ్లేటప్పుడు అడ్వాన్సులో పెయింటింగ్ ఖర్చు కోసుకుంటారు కూడా. దానికి కొందరు తల్లులు కనిపెట్టిన ఉపాయం బాగుంది. హాల్లో ఒక గోడకి పిల్ల ఎత్తున చార్టు కాగితాలు వరసగా అంటిస్తారు. క్రేయాన్లు అక్కడే తాడుకి వేలాడుతుంటాయి. ఇల్లు మారేటప్పుడు ఆ కాగితాల్ని చుట్టి పట్టుకుపోయి, తర్వాతి ఇంట్లో అదే ఎత్తున మళ్లీ అంటించేస్తారు.