విత్తన స్వచ్ఛతకు మాంసకృత్తుల సాక్ష్యం

సంకర వరి విత్తనోత్పత్తికి ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాలు దేశంలోనే పేరు పొందాయి. ధ్రువీకరించిన సంకర వరి విత్తనంలో జన్యు స్వచ్ఛత కనీసం 95 శాతం ఉండాలి. దీనిని తేల్చే గ్రో-అవుట్ పరీక్షకు దాదాపు ఒక పంటకాలం పడుతుంది. యాసంగిలో పండిన విత్తనం వానాకాలం నాటికి రైతుకు చేరాలంటే అంత వ్యవధి ఉండదు. ఈ చిక్కును తగ్గించగల ప్రయోగశాల పద్ధతులలో జెల్ ఎలక్ట్రోఫోరిసిస్ ఒకటి.

పనిచేసే తీరు

విద్యుత్ క్షేత్రంలో మాంసకృత్తులను వేరుచేసే విధానానికి 1937లో పునాది వేసిన ఆర్నె టిసీలియస్ 1948లో నోబెల్ బహుమతి పొందారు. నేడు విరివిగా వాడుతున్నది 1970లో లెమ్లి ప్రచురించిన పద్ధతి. సోడియం డోడెసిల్ సల్ఫేట్ మాంసకృత్తుల మడతలు విప్పి, వాటి పరిమాణానికి తగినట్లు ఋణావేశం కల్పిస్తుంది. మెర్కాప్టోఇథనాల్ గంధక బంధాలను తెంచుతుంది. ఫలితంగా అణువుల ఆకృతి, సహజ ఆవేశాల ప్రభావం తొలగి, పరిమాణమే గమనాన్ని నిర్ణయిస్తుంది. పాలిఅక్రిలమైడ్ జెల్‌లో చిన్న అణువులు ధనధ్రువం వైపు ఎక్కువ దూరం సాగుతాయి. కూమాసీ నీలి రంగు వేసి, అదనపు రంగును తొలగించాక పట్టీలు కనిపిస్తాయి.

వరి గింజలో ప్రధానమైన గ్లూటెలిన్ ఆమ్ల ఉపభాగాలు 37-39, క్షార ఉపభాగాలు 22-23 కిలోడాల్టన్ల వద్ద, ప్రోలమిన్ ముఖ్యంగా 13 కిలోడాల్టన్ల వద్ద కనిపిస్తాయి.

స్వచ్ఛత నిర్ధారణ

తల్లిదండ్రుల పట్టీలలో తేడా ఉన్నప్పుడు సంకర గింజలో ఇరువైపుల పట్టీలూ కనిపిస్తాయి. మగ వరుసకే ప్రత్యేకమైన పట్టీ లేని గింజ సంకరం కాదు. పిండం లేని సగం గింజతో పరీక్ష జరిపి, పిండమున్న సగాన్ని మొలకెత్తించి సరిచూడవచ్చు.

అయితే గింజలన్నింటినీ కలిపి పిండి చేస్తే కొద్దిపాటి కల్తీ మరుగునపడుతుంది. కాబట్టి ప్రతి గింజనూ విడిగా పరీక్షించాలి. 15 గళ్ల జెల్‌లో పరిమాణ సూచికకు, తల్లిదండ్రులకు 3 గళ్లు పోగా 12 గింజలకే చోటుంటుంది. 100 గింజలకు 9 జెల్‌లు కావాలి. గడ్డకట్టని అక్రిలమైడ్ నాడీమండలానికి హానికరం కనుక చేతి తొడుగులు తప్పనిసరి.

పరిమితులు

వరి రకాల మధ్య నిల్వ మాంసకృత్తుల వైవిధ్యం తక్కువ. అందువల్ల ముందుగా తల్లిదండ్రులను పోల్చి చూడాలి. వాటి పట్టీలు ఒకటే అయితే ఈ పరీక్ష నిరుపయోగం. అప్పుడు డీఎన్‌ఏ గుర్తులను ఆశ్రయించాలి.

అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం 32వ మహాసభ 2019లో హైదరాబాద్‌లో జరిగింది. అటువంటి వేదికలపై చర్చించే ప్రమాణాలు ఫలించేది జిల్లా ప్రయోగశాలలలోనే. గింజ గింజనూ ఓపికగా పరీక్షించే నైపుణ్యం అక్కడి సిబ్బందికి, విద్యార్థులకు అలవడినప్పుడే నాసిరకం విత్తనం పొలానికి చేరకముందే పట్టుబడుతుంది.