చంటిపిల్లల ఇంటికి చేతి కానుక

తిరువూరు: బారసాల పిలుపు వచ్చిందంటే ముందు జేబు తడుముకుంటాం. బిడ్డకు ఏం పేరు పెడుతున్నారన్నది తర్వాత సంగతి. బస్టాండులో దిగి, ఎదురుగా కనిపించిన కొట్లో ఓ ప్లాస్టిక్ కారో, కీ ఇస్తే గంతులేసే కోతో కొని, రంగు కాగితం చుట్టించుకుని బయల్దేరతాం. ఆ ఇంట్లో అప్పటికే అలాంటివి నాలుగుంటాయి. వారం తిరిగేసరికి చక్రం ఒకచోట, తల ఒకచోట పడి ఉంటాయి. పంట డబ్బు చేతికి రాని రోజుల్లో అయితే దీనికి కూడా చేబదులు తెచ్చేవాళ్లు ఉన్నారు.

నిజానికి చంటిపిల్లలున్న ఇంటికి పనికొచ్చేవి చాలావరకు రైతు ఇంట్లోనే ఉన్నాయి. తాటాకు ఉంది, పాత నూలు చీరలున్నాయి, మినుములున్నాయి, పాడి ఉంటే నెయ్యి ఉంది. ఓపిగ్గా చేసుకుంటే సరిపోతుంది. అయితే ఒక్క చిక్కుంది. రైతు ఇంట్లో, చేలో చేతికందే వాటిలో పసిపిల్లల ప్రాణానికి ముప్పు తెచ్చేవీ ఉన్నాయి. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం. ముందు నా సంగతే చెబుతాను.

మా చెల్లెలికి కొడుకు పుట్టినప్పుడు సొంతంగా ఏదైనా చేసి తీసుకెళ్దామని తాటాకుతో గిలక్కాయ అల్లాను. చిన్నప్పుడు నేర్చుకున్న విద్యే. లోపల గులకరాళ్లు పోస్తే మోటుగా ఉంటుందని, చేను గట్టున తీగ నుంచి గురివింద గింజలు కోసి పోశాను. ఎర్రగా, నల్లటి బొట్టుతో ముచ్చటగా ఉన్నాయి, చప్పుడు కూడా బాగుంది. వాళ్ల అత్తగారు గిలక్కాయ చేతిలోకి తీసుకుని రెండుసార్లు ఊపి, ''లోపల ఏం పోశావు బాబూ?'' అన్నారు. చెప్పాను. ఆవిడ ఇంకేమీ మాట్లాడకుండా పెరట్లోకి వెళ్లి, గిలక్కాయ విప్పి, గింజలు లెక్కపెట్టి మరీ పొయ్యిలో వేశారు. వచ్చి, ''ఏమీ అనుకోకు. అల్లిక బాగుంది, మళ్లీ కట్టివ్వు'' అన్నారు. నలుగురిలో నా ముఖం చిన్నబోయింది. ఆవిడ చేసిన పని విలువ తర్వాత తెలిసింది.

గురివింద గింజలో అబ్రిన్ అనే విషం ఉంటుంది. పైపొర గట్టిది కాబట్టి మింగినా ఒక్కోసారి అరగకుండా బయటికి పోతుంది. కానీ నమిలినా, దండ గుచ్చడానికి గింజకు బెజ్జం పెట్టినా విషం బయటికి వస్తుంది. పసిపిల్లలకు నమిలిన గింజ ఒక్కటైనా ప్రాణం మీదికి వస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు. కంసాలులు బంగారం తూచడానికి వాడిన గింజే కదా అని చిన్నచూపు చూడకూడదు. ఆముదం గింజదీ ఇలాంటి కథే. నూనె మంచిదే గానీ గింజలో రిసిన్ అనే విషం ఉంది. ఇక బయోడీజిల్ పేరుతో 2005 ప్రాంతంలో ఊరూరా ప్రచారం చేసిన అడవి ఆముదం కాయల్ని తిని వాంతులతో ఆసుపత్రి పాలైన బడిపిల్లల వార్తలు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. పిల్లలు ఇలాంటిది మింగారని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే పని పెట్టుకోవద్దు. మిగిలిన గింజ చేత పట్టుకుని 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గింజ చూస్తే డాక్టరుకు దారి దొరుకుతుంది.

ఇంకోటి విత్తన ప్యాకెట్లో మిగిలిన గింజలు. పత్తి, మొక్కజొన్న విత్తనాలకు గులాబీ, నీలం, ఎరుపు రంగులు ఉంటాయి. అవి అందానికి వేసినవి కావు. మందు పట్టించిన విత్తనమని తెలియడానికి వేసినవి. రంగు బాగుందని వాటిని బొమ్మల్లో పోయడం, పిల్లలకు ఆడుకోవడానికివ్వడం ఎంతమాత్రం కూడదు.

మరి గిలక్కాయలో ఏం పోయాలి? ఇంట్లో తినే కందులో, పెసలో గుప్పెడు చాలు. తాటాకు పచ్చిగా ఉన్నప్పుడు అల్లితే ఎండాక బిగుస్తుంది. అంచులు గీరుకుంటాయి కాబట్టి బిడ్డ చేతికి ఇవ్వకుండా, చేతికి అందనంత ఎత్తులో ఉయ్యాల పైన కట్టాలి. కింద పడి విడిపోతే గింజ గొంతులో ఇరుక్కుంటుంది. దీనికి బొమ్మల పరీక్షల్లో వాడే ఓ కొలత ఉంది. అంగుళంపావు వెడల్పు గొట్టంలో పట్టే వస్తువేదీ మూడేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు. మోటారు దగ్గర అంగుళంపావు పైపు ముక్క మిగిలి ఉంటే, కాస్త అటూ ఇటూగా అదే కొలత. అందులో వేసి చూడండి, పట్టిందంటే పక్కన పెట్టండి.

నాలుగైదేళ్ల పిల్లలకైతే తాటికాయల బండికి మించింది లేదు. ముంజలు తినేసిన కాయలు రెండు, మధ్యలో ఇరుసుకు పుల్ల, తోయడానికి పంగల కర్ర. వేసవిలో పైసా ఖర్చు లేకుండా అరగంటలో తయారవుతుంది. జొన్నదంటు బెండుతో ఎడ్లబండి కట్టే పనితనం కూడా ఉండేది గానీ, ఇప్పుడు జొన్న వేసేవాళ్లే తక్కువ. దంటు పైబద్ద బ్లేడులా కోస్తుంది, అది పెద్దవాళ్లే చీల్చి ఇవ్వాలి.

ఈ బళ్ల దగ్గరే ఇంకో తప్పు జరుగుతోంది. పురుగుమందు డబ్బా మూతల్ని చక్రాలుగా పెట్టి, డబ్బాను మధ్యకు కోసి ట్రాక్టరు ట్రక్కు చేసి ఇస్తున్నారు. కడిగాం కదా అంటారు. మందు ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది, కడిగితే పూర్తిగా పోదు. పిల్లలు ఆ చక్రం నోట్లో పెట్టుకుంటారు. ఖాళీ డబ్బాలను పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే రాసి ఉంది. పత్తికి, మిర్చికి ఎన్నిసార్లు కొడుతున్నామో మనకు తెలుసు. అన్ని డబ్బాలు ఎటు పోతున్నాయో కూడా ఓసారి చూసుకోవాలి.

నడక నేర్చే బిడ్డకు మూడు చక్రాల చెక్క నడకబండి వడ్రంగితో చేయించి ఇవ్వొచ్చు. బిడ్డ నిలబడి తోసుకుంటూ పోయేది మంచిది. మధ్యలో కూర్చోబెట్టి తిప్పే ప్లాస్టిక్ వాకర్ల వల్ల మెట్ల మీద నుంచి పడుతున్నారని కెనడా ప్రభుత్వం 2004లోనే వాటి అమ్మకం నిషేధించింది. చెక్క బండికి ఇంట్లో మిగిలిన పాత రంగు పూయకండి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పరిమితి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కొన్న డబ్బా అయితే అసలే వద్దు. చెక్కను గరుకు కాగితంతో నున్నగా రుద్ది, కొబ్బరినూనె పట్టిస్తే చాలు.

అన్నిటికంటే ఎక్కువ వాడకంలో ఉండేది బొంత. పాత నూలు చీరలు, పంచెలు ఉతికి ఉతికి మెత్తబడి ఉంటాయి, కొత్త గుడ్డకు ఆ మెత్తదనం రాదు. జరీ అంచు కోసేసి, మరిగే నీళ్లలో ఉడికించి, మంచి ఎండలో ఆరేసి, నాలుగైదు పొరలు వేసి దగ్గర దగ్గరగా కుట్టాలి. గుండీలు, పూసలు, చెమ్కీలు వద్దు. ఒకటి పెద్దది కాకుండా రెండు మూడు చిన్నవి కుట్టండి, వానాకాలంలో ఒకటి ఆరేలోపు ఇంకోటి కావాలి. ఇది బిడ్డ కింద పరవడానికే. ముఖం దాకా కప్పకూడదు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు ఇచ్చే ఆచారం మనకుంది. ఏడాది లోపు బిడ్డకు దిండే వద్దని పిల్లల డాక్టర్లు చెబుతున్నారు. పెద్దవాళ్లు నొచ్చుకుంటారు గానీ ఈ విషయంలో డాక్టర్ల మాటే వినాలి.

తినే వాటి సంగతి. బిడ్డకని పాలడబ్బా పట్టుకెళ్లకండి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 1992 చట్టం ప్రకారం డబ్బా పాల ప్రకటనలే నిషిద్ధం. తేనె కూడా ఏడాది నిండేదాకా నాలిక మీద రాయకూడదు. సొంత పట్టు తేనె అయినా సరే, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసి పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తుంది.

అందుకని ముందు తల్లికి తీసుకెళ్లండి. పొట్టు మినుములు కమ్మగా వేయించి విసిరి, బెల్లం, కాచిన నెయ్యి కలిపిన సున్నుండలు రెండు డజన్లు చేసుకెళ్తే బాలింత ఉన్న ఇంట్లో అంతకంటే సంతోషం ఉండదు. మా ఇంట్లో కిలో మినుములకు ముప్పావు కిలో బెల్లం, అర కిలో నెయ్యి లెక్క.

ఆరు నెలలు దాటిన బిడ్డకు రాగిపిండి. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. రాగులు ఏరి కడిగి, ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టాలి. ఒకటి రెండు రోజుల్లో మొలకలొస్తాయి. నీడపట్టున గలగలలాడేలా ఆరబెట్టి, సన్నసెగ మీద వేయించి, మొలకలు రుద్ది చెరిగేసి, పిండి పట్టించి జల్లించాలి. చక్కెర, జీడిపప్పు పలుకులు కలపొద్దు. తడి లేని డబ్బాలో పోసి, పైన తేదీ రాసిన చీటీ అంటించండి. నెల లోపు వాడేయమని చెప్పండి. రాగులు మన వైపు పెద్దగా పండవు, కొనుక్కోవాల్సిందే. అయినా కారు బొమ్మ ఖరీదు కాదు.

వేసవి అయితే మామిడి గంప ఉండనే ఉంది. రసాలో, బంగినపల్లో సొంత తోటవి వరిగడ్డిలో మాగేసి తీసుకెళ్లండి. చెట్టు కింద మాగిన కాయకు, కార్బైడ్ పొట్లాలతో పండించిన దానికి తేడా తినేవాళ్లకు తెలుస్తుంది. కార్బైడ్‌తో పండించడం చట్టరీత్యా నేరం కూడా.

కొనే ఇవ్వాలనుకుంటే మనకు కొండపల్లి దూరం కాదు. మైలవరం మీదుగా వెళ్తే ఇబ్రహీంపట్నం పక్కనే. తెల్లపొణికి చెక్కతో చెక్కిన ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు మన ఊరి బతుకే. కాకపోతే అవి అలంకరణకు పెట్టుకునే బొమ్మలు, అతికిన చిన్న ముక్కలు ఉంటాయి, కాస్త పెద్ద పిల్లలకే ఇవ్వాలి. చిన్నవాళ్లకైతే అంకుడు కర్రతో, లక్కతో చేసే ఏటికొప్పాక బొమ్మలు నయం, సహజ రంగులవి అడిగి తీసుకోండి. ఆ రంగులను మళ్లీ వాడకంలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ప్లాస్టిక్ బొమ్మే కొనాల్సి వస్తే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి అది తప్పనిసరి.

ఒక మాట మర్చిపోయాను. రెండో బిడ్డ బారసాలకు వెళ్తున్నప్పుడు మొదటి బిడ్డ గుమ్మం దగ్గర నిలబడి మన చేతి సంచీ వంకే చూస్తుంటుంది. అందరూ ఉయ్యాల దగ్గరికే పోతారు. ఆ పిల్ల కోసం ఒక పాత కుండలో మట్టి, చివికిన పశువుల ఎరువు నింపి, ఇంట్లో దాచిన మందు పట్టించని చిక్కుడు గింజలు నాలుగు పట్టుకెళ్లండి. రాత్రి నానబెట్టి, తెల్లారి ఆ పిల్ల చేతనే నాటించండి. వారం లోపే మొలక పైకొస్తుంది. రోజూ చెంబుడు నీళ్లు పోసే పని ఆ పిల్లదే.